బొగ్గు బూడిదతో పళ్లు తోముకున్నాను

ఇది నా చేత్తోనే రాస్తున్నాను. మా అమ్మాయి స్వప్న టైపు చేసిపెడతానంది, వద్దన్నాను. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ ఇంకా పూర్తిగా స్పర్శ రాలేదు. పెన్ను జారిపోకుండా గుడ్డపీలిక చుట్టి పట్టుకున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని స్వప్న నవ్వుతోంది. నవ్వనీ. రెండేళ్ల కిందట ఇదే చేత్తో అన్నం కలుపుకోలేకపోయాను, జాకెట్ హుక్కు పెట్టుకోలేకపోయాను. ఇప్పుడు పేజీలకు పేజీలు నింపుతున్నాను.

నా పేరు పద్మ. ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటాం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణాల వెనక సందులో సలీం మాస్టర్ టైలర్ షాపు ఉంది. పద్నాలుగేళ్లుగా అక్కడ చేతిపని నాది. హెమ్మింగు, హుక్కులు, కాజాలు, పట్టు జాకెట్ల మీద పూసలు, అద్దాలు. మిషను ఎవరైనా తొక్కుతారు గానీ నా చేతి కుట్టు కోసం చంపాపేట్ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. ఈ చేతులు ఇక నావి కావేమో అన్న భయంతో పది నెలలు బతికాను, వాటి గురించి రెండు గొప్పలు చెప్పుకుంటే తప్పేం లేదు.

నాకు వచ్చింది దిష్టి కాదు, నరాల బలహీనత కాదు, పూర్వజన్మ కర్మ అసలే కాదు. కరెంటు కోసం బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద వల్ల వచ్చింది. దాన్ని రోజూ పొద్దున్నే నోట్లో పెట్టుకున్నది నేనే.

ఎలాగంటారా? మా పుట్టిల్లు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక పల్లె. మా అమ్మకు బూడిద లేనిదే పొద్దు గడిచేది కాదు. అంట్లకు బూడిద, పళ్లకు బూడిద, కందులూ పెసలూ పురుగు పట్టకుండా కుండలో కలపడానికి బూడిద. పెళ్లయి పట్నం వస్తే ఇక్కడ గ్యాసు పొయ్యి. ఎంతసేపు వెలిగించినా చిటికెడు బూడిద రాలదు. "గింత బూడిదకు గతిలేని కొంప" అని మా అత్త బతికున్నన్నాళ్లూ సణుగుతూనే ఉండేది.

మా ఆయన యాదగిరి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బూడిద ఇటుకల కంపెనీలో హమాలీగా చేరాడు. బొగ్గుతో కరెంటు తీసే చోటి నుంచి బూడిద లారీల్లో వచ్చి అక్కడ గుట్టగా పడుతుంది. దానిలో సున్నం, రాతిపొడి కలిపి ఇటుకలు పోస్తారు. చేరిన కొత్తలో ఒకరోజు సిమెంటు సంచి నిండా బూడిద మోసుకొచ్చి గుమ్మంలో దించాడు.

"ఇగో, నీకు బూడిదంటే పానం గదా. జల్లెడ గూడ పట్టే పని లేదు, సూడు ఎంత మెత్తగున్నదో."

నిజంగానే మొహానికి రాసుకునే పౌడరులా ఉంది. నా సంబరం చూడాలి! దానిలో ఉప్పు, లవంగాల పొడి కలిపి డబ్బాకెత్తాను. ఇంటిల్లిపాదికీ పళ్లపొడి అదే. కందుల డబ్బాలో అదే, అంట్ల దగ్గర అదే. పై అంతస్తులో ఉండే తెనాలి వైపు ఆవిడ రాజ్యలక్ష్మక్కకు కూడా ఇచ్చాను. ఆవిడ ఇత్తడి బిందె తళతళలాడటం చూసి వాడకట్టంతా డబ్బాలు పట్టుకుని వచ్చింది. ఎనిమిదేళ్లు పంచిపెట్టాను, దానం చేస్తున్నంత గర్వంగా.

బూడిద బూడిదే కదా అనుకున్నాను. కట్టె కాలితే వచ్చేదీ, భూమి కడుపులోంచి తవ్వి తీసిన బొగ్గు కాలితే వచ్చేదీ ఒకటే అనుకున్నాను. నా తప్పు అది. కాదని చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం వాళ్ల తప్పు. నా వంతు తప్పు నేను ఒప్పుకుంటున్నాను, వాళ్లింకా ఒప్పుకోలేదు.

2011, ఎండాకాలం

మొదట అరికాళ్లు. మిట్టమధ్యాహ్నం డాబా మీద వట్టి కాళ్లతో నిలబడ్డట్టు మంట. ఎండలు కదా అనుకున్నాను. నోట్లో పుండ్లు లేచాయి, తిన్నది కడుపులో నిలవడం లేదు. వేడి చేసిందని మజ్జిగ తాగాను. తర్వాత కాలివేళ్లకు తిమ్మిర్లు, ఆ తర్వాత చేతివేళ్లకు. అరచేతులు గట్టిపడి ఇసుక పట్టినట్టు గరగరలాడేవి. కుట్టుపని చేసే చేతులు కాయలు కాయవా అని దానికీ సర్దిచెప్పుకున్నాను.

పెళ్లిళ్ల కాలం. ఒక పెళ్లికూతురి మీగడ రంగు పట్టు జాకెట్‌కు పూసలు కుడుతున్నాను. సలీం మాస్టర్ కత్తెర కింద పడేసి అరిచాడు.

"అరె బెహన్! ఖూన్!"

జాకెట్ మెడ దగ్గర ఎర్రటి మరక పాకుతోంది. ఎవరిదా అని చూశాను. సూది నా చూపుడువేలు ఇటు నుంచి అటు దిగి నిలబడి ఉంది. నాకు నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది.

పెళ్లివాళ్లకు తన చెయ్యే కోసుకుందని చెప్పి, కొత్త గుడ్డ తెచ్చి రాత్రికి రాత్రి ఇంకో జాకెట్ కుట్టించి ఇచ్చాడు మాస్టర్. నన్ను ఒక్క మాట అనలేదు.

"పరేషాన్ గాకు బెహన్. కొన్ని దినాలు కూసొని వేరేటోళ్ల పని సూడు. నీ స్టూలు మాత్రం ఎవ్వరికియ్య."

రోజూ వెళ్లి ఆ స్టూలు మీద కూర్చునేదాన్ని. వేరేవాళ్లు వేస్తున్న వంకర కుట్లు చూస్తూ ఉండటం కన్నా ఇంట్లో పడి ఉండటమే మేలనిపించేది, అయినా వెళ్లేదాన్ని.

2011, వానాకాలం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మూడు క్లినిక్కులు తిరిగాను. మూడింట్లోనూ గోడకు టీవీ, టీవీలో ఉద్యమం. పేషెంట్లు రోగాలు మరిచిపోయి వాదించుకునేవారు. షుగరున్న పెద్దమనిషి ఒకాయన తెలంగాణ వచ్చి తీరుతుందంటే, కట్టు కట్టించుకున్న కాలు ఊపుతూ ఇంకొకాయన రాదని పందెం కాసేవాడు. కాంపౌండర్ పేరు పిలిస్తే ఇద్దరికీ వినపడేది కాదు. నాకు మాత్రం ప్రతి పేరూ వినపడేది, ఎందుకంటే నేను లోపలికి పోవడానికి భయపడుతూ కూర్చునేదాన్ని.

ఒకాయన బలం మాత్రలు రాశాడు. ఒకాయన మెడకు పట్టీ కట్టుకోమన్నాడు. మూడో ఆయన కాస్త నిదానస్తుడు. నోట్లో పుండ్లు చూసి అడిగాడు, "పళ్లు దేంతో తోముకుంటారమ్మా?" అని.

ఎదురుగా గోడ మీద తెల్లటి పళ్ల బొమ్మ ఉంది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. బూడిదతో అంటే, ఏ కాలంలో ఉన్నావమ్మా అంటాడేమోనని సిగ్గేసింది.

"పేస్టే డాక్టర్" అన్నాను.

పక్కనే ఉన్న స్వప్న నావైపు ఒక చూపు చూసింది. బయటికి వచ్చాక, "ఎందుకమ్మా అబద్ధం?" అంటే నోర్ముయ్యమన్నాను. ఆ ఒక్క అబద్ధానికి నాకు నాలుగు నెలలు పోయాయి. మీరు డాక్టరు దగ్గర సిగ్గుపడకండి. బూడిద తింటే బూడిద తిన్నానని చెప్పండి.

ఆ రోజుల్లో నవ్వుకున్నది ఒక్కసారే. మెడ పట్టీ కొలతకని షేర్ ఆటోలో పోతుంటే చౌరస్తాలో రాస్తారోకో. ఎటూ కదలడానికి లేదు, నా కాళ్లు నిప్పుల మీదున్నట్టున్నాయి. చూస్తే ముందు వరసలో జెండా పట్టుకుని గొంతు చించుకుంటున్నది మా స్వప్నే! కాలేజీకి పోతున్నానని చెప్పి పొద్దున్నే వెళ్లింది. నన్ను చూసి నినాదం సగంలో మింగేసింది.

"అన్నా, జర తొవ్వ ఇయ్యిండ్రి. మా అమ్మ. దవాఖానకు పోతుంది."

పాతికమంది కుర్రాళ్లు ఆటోను చేతులతో ఎత్తినంత పని చేసి దాటించారు. "నీ పని ఇంట్ల చెప్త" అని నేను, "ముందు నీది చెప్పు డాక్టరుకు" అని అది.

ఇంట్లో మాత్రం నవ్వుల్లేవు. గ్లాసు పట్టుకుంటే జారేది, కూర తరిగితే వేలు తెగేది. యాదగిరి ముందు బాగానే ఓర్చుకున్నాడు. అన్నం వండేవాడు, నా జడ వేయడానికి తంటాలు పడేవాడు. పోనుపోనూ విసుగు మొదలైంది.

"మూడు దవాఖాన్లల్ల ఏం లేదన్నరు గదా. నీ మనసుల పెట్టుకున్నవ్ రోగం. నలుగుట్ల తిరిగితే అదే పోతది."

చేతిలో ఉన్న చెంబు విసరబోయాను, అది విసరకముందే జారి నా కాలి మీదే పడింది. దానికీ నొప్పి లేదు. చెంబు దొర్లి గోడకు తగిలేదాకా ఇద్దరం దానివైపే చూస్తూ ఉన్నాం. తర్వాత నేను ఏడ్చాను. చేతులు పోయిన కుట్టుమనిషి ఎవరికి కావాలి? స్నానానికీ తిండికీ కూతురి మీద ఆధారపడి ఎన్నాళ్లు బతకాలి? చచ్చిపోతానన్న భయం కన్నా ఆ భయమే పెద్దది.

2011, సెప్టెంబర్, అక్టోబర్

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు కూడా పని ఆపారు. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. ఇటుకల కంపెనీకి బూడిద లారీలు రావడం మానేశాయి. యాదగిరి పొద్దున్నే తలకు తువ్వాల చుట్టుకుని రోడ్డు మీద వంటావార్పుకు పోయేవాడు.

మెట్ల మీద రాజ్యలక్ష్మక్కకూ ఆయనకూ రోజూ ఒక విడత గొడవ.

"ఏమయ్యా యాదగిరీ, మీ రాష్ట్రం మీకొచ్చాక మమ్మల్ని పెట్టే బేడా సర్దుకోమంటారా ఏంటి?"

"నువ్ పోతే మాకు గోంగూర పచ్చడి ఎవరిస్తరక్కా? నిన్ను మాత్రం ఆపుకుంటం."

"అంటే పచ్చడి కోసమన్నమాట!"

"మరి? నీ మాటల కోసమనుకున్నవా?"

ఆవిడ నవ్వుకుంటూ పైకి పోయేది, గంట తర్వాత పచ్చడి గిన్నెతో దిగేది. లోపల ఆవిడకు బెంగ ఉందని నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు.

సమ్మె రెండో వారంలో మా బూడిద డబ్బా అడుగంటింది. కొత్త సంచి వచ్చే దారి లేదు. స్వప్న కిరాణా కొట్టు నుంచి పేస్టు తెచ్చింది. నోరంతా నురగ, ఇదేం తోముకోవడం అని నేను తిట్టుకుంటూనే వాడాను. కందులు కూడా అయిపోయి ప్యాకెట్ పప్పు కొన్నాం.

బతుకమ్మ వచ్చేసరికి నోట్లో పుండ్లు మానాయి. తిన్న అన్నం కడుపులో నిలిచింది. అరికాళ్ల మంట ఉంది గానీ, అంత లేదు. తంగేడు పూలు పళ్లెంలో పేర్చడానికి కూర్చుంటే వేళ్లు నా మాట కొంచెం విన్నాయి. వంకరగానే పేర్చాను, కానీ నేనే పేర్చాను. వాకిట్లో ఆడి వచ్చి, "తెలంగాణ రాకముందే నా రోగం పోతున్నది" అని అందరికీ చెప్పుకున్నాను.

2011, దీపావళి తర్వాత

సమ్మె ముగిసింది. లారీలు కదిలాయి. యాదగిరి పనిలోకి పోయిన వారంలోనే రెండు సంచులు తెచ్చాడు, "మస్తు దినాలాయె, నీకు సంబరమైతది" అని. నాకు సంబరమే అయింది. పేస్టు ట్యూబు మూల పడేసి డబ్బా నింపుకున్నాను.

రెండు వారాలు తిరగకుండా నోరు మళ్లీ పుండయింది. కాళ్లు మళ్లీ మండాయి. వేళ్లు ఈసారి మరీ మొద్దుబారాయి. బాగుపడుతున్నానని అనుకున్నాక మళ్లీ పడటం ఉంది చూశారూ, మొదటిసారి కన్నా అది నన్ను ఎక్కువ కుంగదీసింది. మంచం దిగలేదు. మాస్టర్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రాజ్యలక్ష్మక్క చారు గిన్నెతో వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఏమ్మా పద్మా, సమ్మెలో నువ్వు చక్కగా తిరిగావు కదే. గబగబా మెట్లెక్కి మా ఇంటికొచ్చావు కూడాను. మళ్లీ ఇలా పడిపోయావేంటి?"

"ఏమో అక్కా. నా నసీబు."

"నసీబు సంగతి తర్వాత చూద్దాం. సమ్మెలో లేనిదీ ఇప్పుడు ఉన్నదీ ఏంటో చెప్పు."

"బస్సుల్లేవు. కరెంటు లేదు. స్వప్నకు కాలేజీ లేదు."

"బస్సులు నీ నోట్లోకి పోవు కదమ్మా. నోట్లోకి పోయేది చెప్పు."

నేను ఆలోచించాను. బియ్యం అవే, నీళ్లు అవే. వంటగదిలో స్వప్న గిన్నెలు తోముతోంది. పీచుతో బూడిద రుద్దుతున్న గరగర చప్పుడు వినిపించింది.

"బూడిద" అన్నాను.

రాజ్యలక్ష్మక్క తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "నేనూ ఎనిమిదేళ్ల నుంచి అంట్లు దాంతోనే కదా తోముతున్నాను" అంది మెల్లగా.

2011, డిసెంబర్

ఈసారి పెద్ద సర్కారు దవాఖానకు పోయాం. తెల్లవారకముందే చీటీల వరస. నా ముందు నల్లగొండ వైపు ముసలాయన ఒకడు, నీళ్లలోని ఫ్లోరిన్‌కు వెన్ను వంగిపోయి, నేలను చూస్తూ నిలబడి ఉన్నాడు. నా కథ అడిగి తెలుసుకున్నాడు.

"చెప్పు బిడ్డా, గట్టిగ చెప్పు. మాకు నీళ్లతోని అయిందంటే ఎన్నేండ్లకు నమ్మిర్రో ఎరుకేనా? నమ్మేదాన్క చెప్పాలె."

తన వరస నాకిచ్చి నా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఎంత వద్దన్నా వినలేదు.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, కళ్ల కింద నిద్రలేని చారలు. అడక్కముందే చెప్పేశాను. "అమ్మా, నేను ఇంతకుముందు డాక్టర్లకు అబద్ధం చెప్పిన. నేను బూడిదతోని పళ్లు తోముకుంట. ఇటుకల కంపెనీ బూడిద."

ఆవిడ నవ్వలేదు. నా చేతులు దగ్గరికి తీసుకుని గోళ్లు చూసింది. అడ్డంగా తెల్లటి గీతలున్నాయి, నేనెప్పుడూ గమనించలేదు. వీపు మీద వాన చినుకులు పడ్డట్టున్న మచ్చలు చూసింది. పరీక్షలు రాసి, బూడిద ఒక సీసాలో తెమ్మంది.

నెల దాకా జవాబు రాలేదు. వచ్చిన రోజు ఆవిడే కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టింది.

"పాషాణం అంటే తెలుసా అమ్మా? ఇంగ్లీషులో ఆర్సెనిక్ అంటారు. అది మీ ఒంట్లో ఉంది. బూడిదలోనూ ఉంది. సీసం కూడా కొంత ఉంది."

"బూడిదల పాషాణం ఎవరు కలిపిర్రు?"

"ఎవరూ కలపలేదు. నేలలోని బొగ్గులోనే అణువంత ఉంటుంది. బొగ్గు కాలిపోతుంది, ఇది కాలదు. బండెడు బొగ్గులో ఉన్నదంతా గంపెడు బూడిదలోకి చేరుతుంది. కట్టె బూడిదలాంటిది కాదిది. ఇటుకలో గట్టిగా బిగిసిపోయినప్పుడు అంత కదలదు. గుట్టగా పోసి వదిలేస్తే గాలికి లేస్తుంది, వానకు కరిగి నీళ్లలో కలుస్తుంది. మీరేమో నేరుగా నోట్లోనే పెట్టుకున్నారు."

"నా చేతులు మళ్ల ఒస్తయా డాక్టరమ్మా?"

"ఇంట్లో ఆ బూడిద రవ్వ కూడా లేకపోతే, మెల్లగా రావచ్చు. ఎంత వస్తాయో చెప్పలేను. మీ ఆయన బట్టలకూ జుట్టుకూ అంటుకుని రోజూ ఇంటికి వస్తూ ఉంటే మాత్రం నేను మాట ఇవ్వలేను."

బయటికి వచ్చి ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. రోగానికి పేరు దొరికింది, అంటే కొట్లాడటానికి శత్రువు దొరికాడు. పది నెలల్లో మొదటిసారి నాకు ఆకలేసింది.

ఆ సాయంత్రమే వాడకట్టులో ఇంటింటికీ పోయి నేనిచ్చిన డబ్బాలు వెనక్కి అడిగాను. పెద్ద కష్టమే అయింది. ఒకావిడ నేను మతి చెడి వచ్చాననుకుంది. కృష్ణా జిల్లా వాళ్లావిడ తలుపు సగం తెరిచి, "రాష్ట్రం ఇంకా రానేలేదు, అప్పుడే బూడిద కూడా పంచుకుంటున్నారా?" అంది. రాజ్యలక్ష్మక్క నా వెనక నుంచి అరిచింది, "విషం పంచుకోవడం ఎందుకే, ఇచ్చెయ్!" అని. రెండు సంచులు నిండాయి.

2012, జనవరి

యాదగిరి నమ్మలేదు. కాగితం చూపిస్తే తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిదేండ్ల సంది నేను గా బూడిదల్నే బతుకుతున్న. నేను గూడ దాంతోనే తోముకున్న. నాకేమన్న అయిందా?"

"నీకు గాలేదు, నాకు అయింది. నా చేతులు సూడు."

"సేటు నన్ను హమాలీ నుంచి మేస్త్రిని చేసిండు. నా పెండ్లాం రోగం నీ బూడిదతోనే అని ఆయన మొకం మీద ఎట్ల చెప్పాలె? రేపు నాకు పనెవడిస్తడు?"

"పని మాన్పియ్యమంటలేను. గుట్ట కప్పుమను, పనోళ్లకు తానాలకు నీళ్లు పెట్టుమను, బూడిద ఇంటికి తీస్కపోవద్దని అందరికీ చెప్పుమను. గింత అడుగనీకి నోరు రాదా?"

"నాకేం గాలేదు గదా!" అని గట్టిగా అరిచి బయటికి పోయాడు.

ఆ నెలంతా మా మధ్య మాటల్లేవు. ఆయన బట్టలు నేను ముట్టుకోలేదు, స్వప్నను ముట్టుకోనివ్వలేదు. ఆయనే ఉతుక్కునేవాడు. చలి అని ఇంట్లో కూడా సాక్సులు వేసుకుని తిరిగేవాడు, వేరే గదిలో దుప్పటి ముసుగుతన్ని పడుకునేవాడు. కోపంతోనే అలా చేస్తున్నాడనుకున్నాను. నా చేతుల బాధలో మునిగి ఆయన వైపు సరిగా చూడనే లేదు.

2012, ఫిబ్రవరి

ఆయన అడగకపోతే నేనే అడుగుతానని బయలుదేరాను. రెండు సంచులూ ఆటోలో వేయించి, స్వప్నను తోడు తీసుకుని అబ్దుల్లాపూర్‌మెట్ పోయాను.

"ఏందమ్మా, బియ్యమా?" అన్నాడు ఆటో ఆయన.

"విషం" అన్నాను. తోవ పొడుగునా మళ్లీ మాట్లాడలేదు, పాపం.

కంపెనీ వెనక్కి నేను ఎప్పుడూ పోలేదు. ఇల్లంత ఎత్తు బూడిద గుట్ట. గుట్ట కాళ్ల దగ్గరే ఊరి కుంట. వానకు జారిన బూడిద గట్టు పొడుగునా సిమెంటు పూసినట్టు గట్టిపడి ఉంది. అక్కడ బర్లు మేపుతున్న ముసలమ్మను అడిగితే ఒక బర్రె తోక చూపించింది. కొన మీద వెంట్రుక లేదు, గిట్టలు పగిలి ఉన్నాయి. "ముంగట గీ కుంటల చేపలు పట్టేటోళ్లు బిడ్డా. ఇప్పుడు కొంగలు గూడ వాలుతలేవు" అంది. అది చూశాక నా రోగం నా ఒక్కదానిదే కాదని తెలిసింది. ఆ గుట్ట కోసం ఆ తర్వాత మేం ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఇప్పటికి సగం గుట్ట కదిలింది, మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నాం.

సేటు ఆఫీసు రేకుల గది ముందు సంచులు దింపించాను. పనిచేస్తున్న ఆడవాళ్లు తట్టలు పట్టుకుని ఆగి చూస్తున్నారు. జుట్టు నుంచి కనురెప్పల దాకా అందరూ ఒకే రంగు. యాదగిరి పరుగెత్తుకొచ్చాడు.

"పద్మా, ఇంటికి పో. నేను మాట్లాడుత."

"నెల సంది ఎదురుచూసిన."

సేటు బయటికి వచ్చాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. డాక్టరమ్మ కాగితం ఇచ్చాను. అడగాల్సినవి అడిగాను. ఆయన తాపీగా విన్నాడు.

"అమ్మా, ఇది ఇండ్లు కట్టే బూడిద. పండ్లు తోముకొమ్మని నేను చెప్పిన్నా?"

"వద్దని చెప్పినవా? ఎనిమిదేండ్ల సంది నీ కండ్ల ముంగటనే సంచులు పోతున్నయ్. ఒక్కనాడన్న చెప్పినవా?"

"గది నాకు మాత్రం ఏమెరుక? సర్కారోళ్లే ఇస్తరు బూడిద. ఊకె నోరు పారేసుకోకు. నీ మొగడు దీంట్లనే పొద్దుమాపు ఉంటడు. నీ లెక్క తోముకున్నడు గూడ. ఆయనకేమైంది? ఏం గాలే. నీకు వేరే ఏదో రోగం ఉండొచ్చు. యాదగిరీ, నీ పెండ్లాన్ని తోల్కపో."

యాదగిరి కదల్లేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన గుట్ట వైపు చూసి, ఆఫీసు గడప మీద కూర్చుని బూట్లు విప్పాడు. సాక్సులు నెమ్మదిగా, తోలు ఊడుతుందేమో అన్నట్టు లాగాడు. రెండు కాళ్లూ సేటు వైపు చాపాడు.

అరికాళ్ల నిండా నల్లటి కాయలు, వాటి మధ్య పగుళ్లు. మడమ దగ్గర ఒకచోట రసి కారుతోంది.

"ఏడాదాయె సేటు" అన్నాడు. "మంటకు ఓర్వలేక ఇటుకలు తడిపే తొట్టిల కాళ్లు పెట్టుకుంటున్న. నాకేం గాలేదని పెండ్లానికి చెప్పిన. నాకు నేను చెప్పుకున్న. నువ్ చెప్పకు."

నేను ఆయన ముందు కూలబడ్డాను. ఒకే ఇంట్లో ఉన్న మనిషి ఏడాదిగా కాలుతుంటే నాకు తెలియలేదు. ఆయన పాదం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నా వేళ్లకు ఆ పాదం తగిలింది తెలియలేదు. ఆయన ఎటో చూస్తున్నాడు, నేను పట్టుకున్న సంగతి ఆయనకూ తెలియలేదు.

సేటు ముఖం తిప్పుకుని లోపలికి పోబోయాడు. అప్పుడు తట్టలు పట్టుకున్న ఆడవాళ్లలోంచి పెద్దామె ఒకామె ముందుకొచ్చింది. తట్ట దించి, చీర కొంచెం పైకెత్తి, చెప్పు వదిలి కాలు పక్కకు తిప్పి చూపించింది.

"నాయి గూడ గట్లనే ఉన్నయ్ మేస్త్రీ. కాయలనుకున్న."

ఇంకో తట్ట దిగింది. ఇంకొకటి. నేను కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, సేటు కుర్చీ బయటికి లాగాను.

"జర కూసో సేటు. నువ్ సూడాల్సిన కాళ్లు ఇంకా మస్తున్నయ్."